నేల ఉంటేనే సాము

పుదుచ్చేరి బీచ్ రోడ్డును సాయంత్రం 6 గంటలకు బళ్ళకు మూసేస్తారు. మళ్ళీ మర్నాడు పొద్దున్న 7.30కి తెరుస్తారు. కాగితాల మీద గూబెర్ అవెన్యూ అని పేరున్న ఆ కిలోమీటరున్నర రోడ్డు అంతసేపూ నడిచేవాళ్ళదే. తెల్లవారగట్ల గాంధీ విగ్రహం దగ్గరికి వెళ్తే రెండు రకాల చక్రాల చప్పుడు వినిపిస్తుంది. ఒకటి రోలర్ స్కేట్లది. హెల్మెట్లు పెట్టుకుని, మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని వరసగా సాగిపోయే పిల్లలు, గట్టు మీద నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చున్న తల్లులు. రెండోది ఎప్పుడో గాని వినపడని స్కేట్‌బోర్డు చప్పుడు.

మొన్న జనవరిలో ఒక శనివారం ఆ రెండో చప్పుడు మరీ గరగరమంటుంటే ఆగి చూశాను. పన్నెండేళ్ళ కుర్రాడు బోర్డును తిరగేసుకుని కూర్చుని చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. అది రెండు చుట్లు తిరగకుండానే ఆగిపోతోంది. వాళ్ళమ్మది యానాం కావడంతో తెలుగులోనే చెప్పాడు. "ఉప్పుగాలికి బేరింగులు పట్టేశాయి అంకుల్. ఆన్‌లైన్లో కొన్నాం. సైకిల్ షాపుకి తీసుకెళ్తే ఇది మా పని కాదన్నారు."

ఆ రోజు పదకొండింటికి ఆ తల్లీకొడుకులతో కలిసి ఊళ్ళో ఒక బేరింగుల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన ఊడదీసిన బేరింగును అరచేతిలో వేసుకుని, కొలిచి, "లోపల 8, బయట 22, మందం 7. ఇది 608. ఏ మోటారుకి?" అని అడిగాడు. బోర్డు చూపించాం. ఆయన నవ్వి, సముద్రం పక్కన తిరుగుతుందని తెలుసుకుని, రేకు మూత ఉన్నవి పక్కన పెట్టేసి రబ్బరు మూత ఉన్నవి ఎనిమిది ఇచ్చాడు. మంచి వ్యాపారి. అమ్మేముందు అడిగాడు. కానీ ఇరుసు చివరి నట్టును ఎంత బిగించాలో, ఈ ఊరి రాతిపలకల మీద ఆ చక్రం గట్టిదనం పనికొస్తుందో లేదో ఆయనకు తెలియదు. ఆ మాట చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడు. అతని కొట్టు కోసమే ఈ వ్యాసం.

ఫోన్లో నొక్కితే సరుకు గుమ్మంలోకి వచ్చే రోజుల్లో, స్కేట్‌బోర్డును నమ్ముకున్న చిన్న సొంత కొట్టు బతుకుతుందా? అమెరికాలో, ఇంగ్లండులో ఈ ప్రశ్న మీద చాలా ఏళ్ళుగా వాదన సాగుతోంది. మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. పుదుచ్చేరిని ఎదురుగా పెట్టుకుని ఆలోచిస్తే ఆ వాదనల్లో ఏది గట్టిదో, ఏది తేలికో తెలిసిపోతుంది. ఈ ఊళ్ళో సముద్రం ఉంది, సర్ఫింగ్ ఉంది, శనాదివారాలు వచ్చిపోయే జనం ఉన్నారు, మూడు వందల ఏళ్ళ వ్యాపారం ఉంది. తక్కువైంది నున్నటి నేల.

ఈ రకం కొట్టు పుట్టిందే సర్ఫింగ్ కొట్లోంచి. 1962లో లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో వాల్ సర్ఫ్ అనే కొట్టు తెరిచారు. అలలు లేని రోజుల్లో సర్ఫర్లు చెక్కముక్కకు చక్రాలు బిగించుకుని రోడ్ల మీద తిరిగేవాళ్ళు. ఆ కొట్టు నడిపే కుటుంబం అది గమనించి, షికాగో రోలర్ స్కేట్ కంపెనీ దగ్గర చక్రాల సెట్లు తెప్పించి, చెక్కలకు బిగించి అమ్మింది. గిరాకీ వీధిలో ఉంది, సరుకు మాత్రం ఎక్కడా లేదు. కొట్టే దాన్ని పుట్టించింది. తర్వాతి దశకంలో శాంటా మోనికాలో జెఫ్ హో, అతని స్నేహితులు నడిపిన జెఫిర్ కొట్టు ఇంకో అడుగు ముందుకేసి ఒక జట్టునే తయారుచేసింది. 1975లో డెల్ మార్ పోటీల్లో ఆ జట్టు పిల్లలు నేలకు వంగి, అరచెయ్యి ఆనించి మలుపులు తిరిగితే ఆట రూపే మారిపోయింది. కొట్టు మాత్రం మరుసటి ఏడాదే మూతపడింది. ఆటను మార్చినంత మాత్రాన అద్దె కట్టడం తేలిక కాదని అప్పుడే తెలిసింది.

ఈ ఆటకు పొంగు ఎంత ఎక్కువో పాటు అంత ఎక్కువ. 1965 ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే బోర్డులను నిషేధించాయి. 1970ల మొదట్లో పాలియూరిథేన్ చక్రాలు వచ్చాక మళ్ళీ లేచింది. 1980 వచ్చేసరికి, పడి దెబ్బలు తగిలితే ఎవరు పూచీ అన్న బీమా గొడవల్లో పార్కులు వరసగా మూతపడ్డాయి. 1990ల మొదట్లో మరోసారి కుంగింది. ఇన్నిసార్లు లేచి పడిన ఆటలో నిలిచిన కొట్లను చూస్తే, అవి పొంగు రోజుల్లో ఎంత అమ్మాయన్నది అంత ముఖ్యంగా కనిపించదు. పాటు రోజుల్లో అవి ఎవరిని పోషించాయి, ఎవరు వాటిని పోషించారు అన్నది కనిపిస్తుంది.

ఇక లెక్క. ఏడు పొరల మేపుల్ చెక్కను అంటించి, వంచి డెక్ చేస్తారు. దాని మీద గరుకుగా గ్రిప్ టేపు, కింద ట్రక్కులనే రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, ఎనిమిది బేరింగులు. కొట్టుకు పేరు తెచ్చేది ఇదే గాని, లాభం దీని మీద తక్కువ. అద్దె కట్టేవి బూట్లు, టీషర్టులు. ఈ మాట ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందుకే బూట్ల కంపెనీల చేతిలో చిన్న కొట్ల జుట్టు చిక్కింది.

దీనికి నైకీ కథే సాక్ష్యం. 1990లలో ఆ కంపెనీ స్కేట్‌బోర్డింగ్‌లోకి రాబోతే ఆటగాళ్ళు రానివ్వలేదు. 2002లో నైకీ ఎస్‌బీ పేరుతో మళ్ళీ వచ్చినప్పుడు దారి మార్చింది. ఆ బూట్లను సొంతవాళ్ళు నడిపే స్కేట్ కొట్లకే ఇచ్చింది. కొన్ని జతలను చాలా తక్కువగా తయారుచేసి, ఏ మూలనున్న చిన్న కొట్టు ముందైనా తెల్లవారేసరికి క్యూ కట్టేలా చేసింది. ఆ డబ్బుతో బతికిన కొట్లు చాలా ఉన్నాయి. పదిహేనేళ్ళ తర్వాత, 2017లో, అదే కంపెనీ సరుకును వీలైనంతగా తానే నేరుగా కొనేవాడికి అమ్ముకుంటానని విధానం ప్రకటించింది. మధ్యలో అమ్మే కొట్ల సంఖ్య తగ్గించుకుంటూ పోయింది. కొన్నేళ్ళకు మళ్ళీ కొట్ల వైపు తిరిగిందనుకోండి. కంపెనీలను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్క కంపెనీ బూటు మీద అద్దె పెట్టుకున్న కొట్టు, అద్దె ఇంటి మీద మేడ కట్టినట్టే అంటున్నాను.

రెండో చివరన సుప్రీమ్ ఉంది. 1994లో న్యూయార్క్ లఫాయెట్ స్ట్రీట్‌లో స్కేట్ కొట్టుగా మొదలైంది. లోపల మధ్య స్థలం ఖాళీగా వదిలేసి, పిల్లలు బోర్డుతో సహా వచ్చేలా అమర్చిన కొట్టు అది. 2020లో వీఎఫ్ కార్పొరేషన్ దాన్ని 210 కోట్ల డాలర్లకు కొన్నది. 2024లో 150 కోట్ల డాలర్లకు కళ్ళద్దాల కంపెనీ ఎసిలోర్‌లుక్సోటికాకు అమ్మేసింది. కొట్టు పేరు ఇంత డబ్బు చేయగలదని చెప్పడానికి దీన్ని చూపిస్తారు. నాకు మాత్రం వేరేది కనిపిస్తుంది. టీషర్టు మీది పేరుకు ఆ విలువ వచ్చింది మొదట్లో ఆ ఖాళీ స్థలంలో తిరిగిన పిల్లల వల్ల. ఆ పిల్లల్ని కొనడానికి ఏ కంపెనీకీ వీలు పడలేదు.

2020లో కోవిడ్ రోజుల్లో ఈ వ్యాపారం ఉబ్బి పేలింది. జిమ్ములు, మైదానాలు మూసేస్తే జనం బోర్డుల మీద పడ్డారు, డెక్కులకు కరువొచ్చింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి కనిపించింది. జపాన్ అమ్మాయి మోమిజి నిషియా పదమూడేళ్ళకే స్వర్ణం గెలిచింది. కొట్లు అప్పుచేసి ఆర్డర్లు పెట్టాయి. సరుకు ఆలస్యంగా, అంతా ఒకేసారి దిగింది. దిగేసరికి జనం మళ్ళీ ఆఫీసులకు, సినిమాలకు వెళ్ళిపోయారు. గోదాములు నిండిన కంపెనీలు తమ సైట్లలోనే ధరలు తెగ్గోసి అమ్ముకుంటే, అదే సరుకును పూర్తి ధరకు కొని అరల్లో పెట్టుకున్న చిన్న కొట్టువాడు చూస్తూ ఉండిపోయాడు. పండగకు తెచ్చిన టపాకాయలు పండగ వెళ్ళిన మర్నాడు అమ్మాల్సి వచ్చినవాడికి ఆ బాధ తెలుస్తుంది.

అయినా కొన్ని కొట్లు నిలబడే ఉన్నాయి. లండన్‌లో స్లామ్ సిటీ స్కేట్స్ 1986 నుంచి నడుస్తోంది. ఫ్లోరిడాలో స్కేట్‌పార్క్ ఆఫ్ టంపా 1993లో పార్కుగా మొదలైంది. అక్కడ ఆట స్థలమూ కొట్టూ ఒకే కప్పు కింద ఉంటాయి, పిల్లవాడు డెక్ విరగ్గొట్టుకుంటే కొత్తది పది అడుగుల దూరంలో దొరుకుతుంది. పాటల రికార్డుల కొట్ల కోసం ఏటా ఒక రోజు జరుపుకునే అలవాటును చూసి, 2020 నుంచి ఫిబ్రవరిలో స్కేట్ షాప్ డే కూడా జరుపుకుంటున్నారు. ఆ రోజు కోసం బోర్డులు, బట్టలు ప్రత్యేకంగా తయారై కొట్లకే వెళ్తాయి. మంచి పనే. అయితే మిగిలిన 364 రోజుల సంగతి దాంతో తీరదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది లండన్‌లోని సౌత్‌బ్యాంక్. థేమ్స్ నది ఒడ్డున ఒక పెద్ద కళాకేంద్రం అడుగున, స్తంభాల మధ్య ఖాళీగా ఉన్న కాంక్రీటు నేల మీద 1970ల నుంచి పిల్లలు ఆడుతున్నారు. 2013లో ఆ చోటును దుకాణాలకు, హోటళ్ళకు ఇచ్చి, ఆటను పక్క వంతెన కిందికి మార్చాలని ఆ కేంద్రం తలపెట్టింది. వేలమంది సంతకాలు పెట్టారు, అర్జీలు ఇచ్చారు, పోరాడారు. 2014 సెప్టెంబరులో నేల ఆటగాళ్ళకే ఉంచుతూ ఒప్పందం కుదిరింది. అక్కడ దుకాణాలు వచ్చి ఉంటే ఆ మూల అద్దెలు వచ్చేవి. అవి రాకపోవడం వల్ల ఊరంతా ఉన్న స్కేట్ కొట్లకు గిరాకీ మిగిలింది. కొట్టు బతకాలంటే ముందు ఆడుకోవడానికి నేల ఉండాలి. ఈ చిన్న సంగతి చాలా చర్చల్లో మరుగున పడిపోతుంది.

మన దేశానికి వద్దాం. స్కేటింగ్ అంటే మనకు ఇప్పటికీ రోలర్ స్కేట్లే. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా కాంస్యాలు తెచ్చింది వాటి మీదే. విశాఖపట్నంలో రింకుల్లో పొద్దున్నే కనిపించే పిల్లలంతా ఆ బాటలోవాళ్ళే. వాళ్ళ సరుకు వ్యాపారం గమనించదగ్గది. కోచ్ ఏ స్కేటు చెబితే అది, ఎక్కడ చెబితే అక్కడ కొంటారు. చక్రం అరిగితే ఆయనే చూస్తాడు, కాలు పెరిగితే పాతవి ఇంకో పిల్లకు ఇప్పిస్తాడు. పేరు పలక లేకుండానే కోచ్ ఒక కొట్టు. రోలర్ స్కేట్ల సరుకు మన ఊళ్ళలో దుకాణం లేకున్నా అందుబాటులో ఉండటానికి కారణం ఆయనే.

స్కేట్‌బోర్డుకు అలాంటి మనిషి మన దేశంలో ఇప్పుడిప్పుడే వస్తున్నాడు. బెంగళూరులో హోలీస్టోక్డ్ కలెక్టివ్ కుర్రాళ్ళు తామే సిమెంటు కలిపి పార్కులు కట్టడం నేర్చుకున్నారు, బోర్డులూ అమ్ముతున్నారు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో 2015లో ఒక జర్మన్ మహిళ, ఉల్రికే రైన్‌హార్ట్, పార్కు కట్టించారు. బడికి వెళ్ళకపోతే బోర్డు లేదు, ముందు ఆడపిల్లలకే అని ఆమె పెట్టిన రెండు నియమాలు పేరు తెచ్చుకున్నాయి. రాజస్థాన్ ఖేంపూర్‌లో 2021 నాటి 'స్కేటర్ గర్ల్' సినిమా కోసం కట్టిన పార్కు షూటింగ్ తర్వాత ఊరి పిల్లలకు మిగిలింది. హైదరాబాద్‌లో వాల్‌రైడ్ పార్కు ఉంది. 2022లో గుజరాత్ జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ పతకాల ఆట అయింది. ఇన్నిటిలో ఏదీ ముందు కొట్టుగా మొదలవలేదు. ముందు నేల పోశారు, తర్వాత బోర్డులు వచ్చాయి. అమెరికాలో 1962లో జరిగిన దానికి ఇది తలకిందులు. వాళ్ళకు నున్నటి రోడ్లు అప్పటికే ఉన్నాయి. మనకు లేవు.

మన మార్కెట్లో చిన్న కొట్టుకు పోటీ రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి డెకాత్లాన్ లాంటి పెద్ద దుకాణం. మొదటి బోర్డు అక్కడ చవగ్గా కొన్న పిల్లవాడు, ఆట పట్టుబడ్డాక రెండో బోర్డుకు అసలైన కొట్టుకు వస్తాడని ఒక వాదన ఉంది. దీన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. నడిచే బోర్డు ఎవరు ఇచ్చినా మంచిదే. రెండోది ఆన్‌లైన్లో వెయ్యి రూపాయలకు దొరికే రంగుల బోర్డు. అసలు దెబ్బ దీనిదే. వాటిలో చాలావాటికి ట్రక్కులు తిరగవు, చక్రాలు దొర్లవు. బిడ్డ నాలుగు రోజులు తంటాలు పడి, తనకే చేతకావడం లేదనుకుని, మంచం కిందికి తోసేస్తాడు. అమ్మానాన్నలు "వీడికి ఏదీ నిలకడ లేదు" అంటారు. తప్పు బోర్డుది, నింద పిల్లవాడికి. ఆ ఇంట్లో ఇక రెండో బోర్డు కొనరు. చిన్న కొట్టుకు పోయింది ఒక అమ్మకం కాదు, పదేళ్ళ ఖాతా.

ఈ-కామర్స్ కంపెనీలు ధరలను ప్రభావితం చేయకూడదని కేంద్రం 2016లో ఒక నోటు, 2018 డిసెంబరులో ఇంకో నోటు ఇచ్చింది. రెండోది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. కిరాణా వర్తకులు, సెల్‌ఫోన్ వర్తకులు వాటి కోసం గట్టిగా పోరాడారు. స్కేట్‌బోర్డు కొట్టువాడికి మాత్రం నియమాల వల్ల ఒరిగేది కొంచెమే. అతని సరుకు పొడవు 80 సెంటీమీటర్లు, బరువు రెండున్నర కిలోల లోపు. అట్టపెట్టెలో ఇట్టే ఇమిడిపోతుంది. కొరియరు కోసమే పుట్టినట్టుంటుంది.

ఈ మాట అన్నప్పుడు పుదుచ్చేరి ఉత్తరాన సెరెనిటీ బీచ్ గుర్తొస్తుంది. ఊరి పొలిమేర దాటగానే తమిళనాడు గడ్డ మీద కొట్టకుప్పం దగ్గర ఆ తీరం ఉంటుంది. ఆరోవిల్‌లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన కల్లియాలయ్ సర్ఫ్ స్కూలు ఆ తీరానికి పేరు తెచ్చింది. సర్ఫ్‌బోర్డు రెండు మీటర్ల పైన పొడవుంటుంది. దెబ్బ తగిలితే ఫైబర్‌గ్లాస్ పగులుతుంది, పగిలితే నీళ్ళు పీల్చుకుంటుంది. దాన్ని కొరియరులో తెప్పించుకోవడం కష్టం, ఇంట్లో నేర్చుకోవడం అసాధ్యం. అద్దెకు తీసుకోవాలి, ఎవరో ఒకరు పక్కన నిలబడి "ఇప్పుడు లే" అని అరవాలి. అందుకే సర్ఫింగ్‌లో అమ్మకం కన్నా పాఠం, అద్దె, రిపేరు తిండి పెడతాయి. మార్కెట్ ఎంత మారినా ఆ మూడింటినీ ఫోన్లోంచి పంపడం కుదరదు. స్కేట్‌బోర్డు కొట్టు పెట్టాలనుకునేవాడు కాలిఫోర్నియా దాకా వెళ్ళక్కర్లేదు, ఆరు కిలోమీటర్లు వెళ్ళి ఇది చూస్తే చాలు.

అదే తీరం ఇంకో సంగతి కూడా చెబుతుంది. 1980ల చివర్లో పుదుచ్చేరికి దక్షిణాన అరియాంకుప్పం నది మొగలో ఓడరేవు గోడలు కట్టారు. ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోయింది. ఊరి ముందున్న ఇసుక తీరం కొట్టుకుపోయి బండరాళ్ళు మిగిలాయి. కోత ఉత్తరానికి, జాలరి పేటల మీదికి పాకింది. పౌరులు ఏళ్ళ తరబడి అడిగాక, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో 2018లో నీటి అడుగున కృత్రిమ రీఫ్ వేశారు. గాంధీ విగ్రహం పక్కన మళ్ళీ ఇసుక కనిపించింది. ఇసుక పోతే సర్ఫ్ స్కూలు ఎంత బాగా నడిపినా పోతుంది. ఆట కొట్టు బతుకు దాని గల్లాపెట్టెలో లేదు, దాని కాళ్ళ కింద ఉంది.

ఇక ఊళ్ళో వ్యాపారం. పుదుచ్చేరి వర్తకం అంటే తెలుగువాళ్ళకు ఒక పేరు గుర్తుకు రావాలి, ఆనందరంగ పిళ్ళై. ఫ్రెంచి కంపెనీకి దుబాసీగా, వర్తకుడుగా బతికి, 1736 నుంచి 1761 దాకా డైరీ రాసుకున్నాడు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను ఆయన పేరనే రాశాడు. పెద్ద బజారు పక్కన రంగపిళ్ళై వీధిలో ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ డైరీలో ఏ ఓడ వచ్చింది, ఏ ఓడ రాలేదు అన్న ఆరాటం అడుగడుగునా ఉంటుంది. విదేశీ సరుకు మీద బతికే కొట్టువాడి ఆరాటం నేటికీ అదే. మేపుల్ డెక్కుల పెట్టె కస్టమ్స్ దాటి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చేదాకా పెట్టుబడికి వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

జీఎస్టీ రాకముందు పుదుచ్చేరి కొట్లకు ఒక వెసులుబాటు ఉండేది. ఇక్కడ పన్ను తక్కువ. టీవీ, ఫ్రిజ్జు, మోటారు సైకిలు కొనాలంటే కడలూరు, విళుపురం జనం ఇక్కడికే వచ్చేవాళ్ళు. 2017 జులై 1తో దేశమంతా ఒకటే రేటు అయింది. పన్ను తేడా మీద బతికిన వ్యాపారాలు దారి మార్చుకోవాల్సి వచ్చింది. ఊరు పర్యాటకుల మీద మరింతగా వాలింది. పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో ఖాళీ అయిన ఇల్లు కాఫీ హోటలుగానో గదుల హోటలుగానో తేలుతోంది. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళే జనం స్కేట్‌బోర్డు కొనరు. వాళ్ళు ఊరి గుర్తుగా ఒక టీషర్టో టోపీయో కొంటారు. దీన్ని ఈ ఊరికి పట్టిన కష్టంగా చూసేవాళ్ళున్నారు. నేను అవకాశంగా చూస్తాను. కొట్టు పేరున్న టీషర్టు పర్యాటకుడికి అమ్మి, ఆ లాభంతో ఊరి పిల్లలకు బోర్డు తక్కువ లాభానికి ఇవ్వొచ్చు. ఈ ఊళ్ళోనే 1978లో చిన్న తోలు పనిశాలగా మొదలైన హైడిజైన్ ప్రపంచమంతా సంచులు అమ్ముతోంది. ఇక్కడ చేతితో చేసిన వస్తువుకు ఇక్కడి పేరే విలువ కడుతుందని దానివల్ల తెలుస్తుంది.

నేనెవరికైనా చెప్పాల్సి వస్తే ఇలా చెబుతాను. వైట్ టౌన్‌లో అద్దెకు దిగవద్దు. ముత్యాల్‌పేటలోనో, కొట్టకుప్పం దారిలోనో పది అడుగుల గది చాలు. సగం గది పనిబల్ల. సైకిల్ రిపేరు తెలిసినవాడితో గది పంచుకుంటే ఇంకా మంచిది, స్పానర్లు ఇద్దరివీ ఒకటే. అమ్మడానికి పది బోర్డులున్నా అద్దెకు ఇరవై ఉండాలి. ఇక్కడి రోడ్లకు 52 మిల్లీమీటర్ల గట్టి చక్రం పనికిరాదు. అది రాతిపలకల అతుకుల్లో దిగబడి పిల్లవాణ్ణి ముందుకు విసిరేస్తుంది. 60 మిల్లీమీటర్ల మెత్తటి చక్రం పెట్టి నేర్పాలి. బేరింగులకు రబ్బరు మూత తప్పనిసరి. డెక్కులు ఒక్కడే తెప్పించుకోకుండా చెన్నై, కోవళం, బెంగళూరు కొట్లతో కలిసి ఒకే పెట్టెలో తెప్పించుకోవాలి. పొద్దున్న 5.30 నుంచి 7.30 దాకా బీచ్ రోడ్డే అతని తరగతి గది. పదిమంది పిల్లలు నిలకడగా నేర్చుకుంటే కొట్టుకు బోణీ అయినట్టే. ఆ పదిమందిలో నలుగురు ఆడపిల్లలుంటే తల్లులకు నమ్మకం కుదురుతుంది, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఇలా నడిపితే పెద్ద లాభాలు రావు గాని, ఇద్దరి జీతం వస్తుందని నా నమ్మకం.

అయితే ఒక హద్దు ఉంది. బీచ్ రోడ్డు మీద నిలబడటం, తోయటం, తిరగటం నేర్పొచ్చు. అంతకు మించి ఆ రోడ్డు ఇవ్వదు. నడిచే ముసలివాళ్ళ మధ్య బోర్డుతో ఎగరడం తప్పు, ఎగరనివ్వకూడదు కూడా. ఆరు నెలలు నేర్చుకున్న పిల్లవాడికి ఏడో నెల ఎగరాలనిపిస్తుంది. అప్పుడు ఎగరడానికి చోటు లేకపోతే ఆట మానేస్తాడు, వాడితో పాటు కొట్టూ ఖాతాదారును పోగొట్టుకుంటుంది. మన పెద్దలు నేల విడిచి సాము చేయొద్దన్నారు. ఈ సాములో నేల విడవడమే విద్య, కాకపోతే దిగడానికి మంచి నేల ఉండాలి.

అందుకే నా అర్జీ కొట్లు పెట్టేవాళ్ళకు కాదు, పుదుచ్చేరి మునిసిపాలిటీకి. బీచ్ రోడ్డు దక్షిణం కొసన పాత పోర్టు వైపు చూడండి, లేదా మీకు వీలైన ఇంకే ఖాళీ జాగా అయినా చూడండి. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున కాంక్రీటు నున్నగా పోయించండి. ఒక పక్క వాలు, మధ్యలో మోకాలి ఎత్తు దిమ్మెలు రెండు, ఒక దీపస్తంభం. గేటు వద్దు, టిక్కెట్టు వద్దు. విశాఖ, కాకినాడ నగరపాలక సంస్థలను, యానాం మునిసిపాలిటీని కూడా ఇదే అడుగుతున్నాను. నేల మీరు పోయండి. కొట్టు ఎవరో ఒకరు పెట్టుకుంటారు.